పప్పుబెల్లాల పద్దు

కోనసీమలో ఒక ఊరి బడి పూర్వవిద్యార్థులు ఈ దసరాకి పిల్లలచేత మళ్లీ విల్లంబులు పట్టించి ఇల్లిల్లూ తిప్పాలని తలపెట్టారు. రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లులు, లాగి వదిలితే బుక్కా చిమ్మే బాణాలు, దసరా పద్యాలు, వెనకాల నడిచే అయ్యవారు, ఆ పాత వరసంతా. ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. పేచీ ఒక్కచోటే వచ్చింది. గుమ్మంలోకి వచ్చిన పిల్లల చేతిలో ఏం పెట్టాలి?

చందాలు పోగుచేసి ఒకే రకం పొట్లాలు కట్టించి, ముందురోజే ఇంటింటికీ ఇచ్చేద్దామంటారు మామయ్య. ఆయన వీధిబడి అయ్యవారి కొడుకు. తానూ బతుకంతా బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరింట్లో ఏది ఉంటే అదే పెట్టనివ్వాలంటుంది మేనకోడలు. ఆమె కాపురం టెక్సాస్‌లో. అక్టోబరు 31 రాత్రి హాలోవీన్ వేషాలు కట్టిన తన పిల్లల వెంట వీధులు తిరిగి, వాళ్ల సంచుల్లో పడే వింతలన్నీ చూసిన తల్లి. పైకి చిన్న పేచీయే. కానీ గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లవాడికి ఊరు ఏమి బాకీ ఉందన్న దాకా వెళ్లింది. అందుకే ఇద్దరి మాటలూ రాసి పెడుతున్నాను.

మేనకోడలు: ప్రతి గుమ్మంలోనూ అదే పొట్లం వచ్చేటప్పుడు పిల్లలు ఇల్లిల్లూ ఎందుకు తిరగాలి మామయ్యా? బళ్లోనే వరసగా నిలబెట్టి పంచేస్తే పోతుందిగా. నా చిన్నప్పుడు మీరు చెప్పిన దసరా కబుర్లలో నాకు గుర్తున్నవన్నీ ఆ పనికిరాని కానుకలేనండీ. హోమియోపతీ వైద్యం చేసే ఆయన సీసా వంచి చేతుల్లో రాల్చిన తీపి మాత్రలు. అర్చకులవారింట్లో ఉద్ధరిణెడు తీర్థం, దాని మీద ఒక తులసిదళం. ఇంకో ఇంట్లో గుప్పెడు కుంకుడుకాయలు. ఎవరింట్లోనో చింతపిక్కలు. దోసిలి నిండా పప్పుబెల్లాలు పోసిన ఇళ్ల గురించి మీరెప్పుడూ ఒక్క ముక్క చెప్పలేదు.

మామయ్య: చింతపిక్కల్ని ఆ లెక్కలో కలపకమ్మా. అవి మాకు కావలసినవే. అరగదీసుకుని అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం. ప్రాణం ఉసూరుమనేది కొబ్బరిముక్క చూస్తే. కోనసీమలో పుట్టినవాడికి కొబ్బరి పెట్టడమేమిటి చెప్పు? పెరట్లో కొబ్బరే, పచ్చట్లో కొబ్బరే, పొయ్యిలోకి కొబ్బరిమట్టలే. పొద్దుటినించీ పద్యాలు పాడి గొంతులు బొంగురుపోయి, ఎండలో కాలవగట్టు మీద నడుచుకుంటూ వెళితే, ఆ ఇల్లాలు చిప్ప పగలగొట్టి తలో ముక్కా పెట్టేది. రెండోది నయాపైసా. 1957 ఏప్రిల్లో కొత్త నాణేలు వచ్చాయి, అణా పోయి నయాపైసలు వచ్చాయి. మా పద్యాలింకా పావలా, అర్ధరూపాయి ఇచ్చినా పుచ్చుకోబోమంటున్నాయి. చేతిలో పడింది బొత్తామంత బిళ్ల. పుచ్చుకోవాలో తిరిగి ఇచ్చేయాలో కూడా మాకు తెలీలేదు. మా నాన్న మాత్రం దాన్ని కళ్లకద్దుకుని సంచీలో వేసుకున్నారు. నువ్వు కుంకుడుకాయల దగ్గర నవ్వుతావు. నాకు ఆ సంచీ కనిపిస్తుంది.

మేనకోడలు: సంచీ సంగతి మీరెప్పుడూ చెప్పలేదు.

మామయ్య: పద్యాల్లోనే ఉంది కదే. అయ్యవారికి ఏం కావాలో, పిల్లలకి ఏం కావాలో రెండు పద్దులూ విడివిడిగా పాడతారు. డబ్బు ఆయనకి, పప్పూ బెల్లం మాకు. అంటే మేం తిరిగింది మాకోసం కాదు, ఆయన జీతం వసూలు చెయ్యడానికి. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో 1822లో ప్రతి కలెక్టరునీ బడుల లెక్క అడిగాడు. మన రాజమండ్రి జిల్లాని కూడా అడిగాడు. 1826లో ఆయన తేల్చిన లెక్క, ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. చాలామంది ఆ అంకెలు చెప్పి మురిసిపోతారు. దాని కిందనే ఆయన ఇంకో మాట రాశాడు. బడిపంతుళ్లకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావడం లేదు, ఆ డబ్బుకి తగిన మనుషులు ఈ పనిలోకి రారు అని. మా నాన్న రోజులకి కూడా ఆ మాట పాతబడలేదు. నెలకి ఇంటికింత బియ్యం, పండక్కి స్వయంపాకం, దసరాకి మామూలు. ఆ మామూలుతోనే మా ఇంట్లో ఏడాదికి సరిపడా బట్టలు. నయాపైసా పెట్టిన ఇంటిముందు కూడా మేం గట్టిగా జయం పలికి బాణం వదలాలి, పంతులు కొడుకుని గనక నేను అందరికంటే గట్టిగా పలకాలి.

మేనకోడలు: పిల్లలు ఇంకొకరి కోసం చెయ్యి చాపడంలో చిన్నతనం ఏముందండీ? అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టారు, హాలోవీన్ రోజున పిల్లలు ఖాళీ పాలడబ్బాలు పట్టుకుని వెళ్లి యునిసెఫ్‌కి చిల్లర పోగుచెయ్యడం. దాన్ని ముష్టి అని ఎవరూ అనలేదు. ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మామయ్య: ఆ డబ్బాలో ఎంత పడినా ఆ పిల్లవాడి ఇంట్లో ఆ రాత్రి అన్నం ఉంటుందమ్మా. తేడా అక్కడుంది.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ పెట్టినవాళ్లందరినీ పిసినారుల కింద కట్టెయ్యకండి. దసరా ఎప్పుడొస్తుంది? ఆశ్వయుజంలో. సార్వా చేలు అప్పటికి పొట్ట మీదో ఈనిక మీదో ఉంటాయి, కోతలకి ఇంకా నెల పైన పడుతుంది. గాదెల్లో అడుగు కనిపించే రోజులవి. కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి 1852 నాటికి నీళ్లిచ్చాడు గానీ, పంటని దసరాకి ముందుకి జరపలేదు కదా. అదే సంక్రాంతికి చూడండి. కుప్పలు నూర్చి ధాన్యం ఇల్లు చేరి ఉంటుంది. హరిదాసు దించకుండానే నెత్తిమీది పాత్రలో గిద్దెలకి గిద్దెలు బియ్యం పోస్తారు. గంగిరెద్దు మీద పాతచీరో పంచో కప్పుతారు. బుడబుక్కలవాడికి చొక్కా ఇస్తారు. భోగిపళ్లు పోసేటప్పుడు రేగుపళ్లతో కలిపి చిల్లర డబ్బులు పోస్తే ఊరి పిల్లలందరూ కిందపడి ఏరుకుంటారు. ఆ చెయ్యే, ఆ ఇల్లాలే. మూడునెలల క్రితం కుంకుడుకాయలు పెట్టిందంటే ఇంట్లో అవే ఉన్నాయి గనక. మీరు ఆవిడ మనసు చూశామనుకున్నారు, మీరు చూసింది ఆవిడ గాదె.

ఈ మాట దగ్గర నేను మేనకోడలి పక్షం. దసరాకి పప్పుబెల్లాలే ఎందుకు పెడతారో చాలామంది ఆలోచించరు. వేయించిన శనగపప్పూ బెల్లమూ కొట్లో కాస్త డబ్బుతో దొరికేవి, నిలవుండేవి, ఎంతమంది పిల్లలొచ్చినా చిటికెలో పంచగలిగేవి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తాపేశ్వరం మడతకాజా పేరు దేశమంతా తెలుసు. అలాంటి నేల మీద పండగపూట పిల్లల దోసిట్లో ఉత్త పప్పు పడిందంటే, దానికి కారణం ఆ నెలలోనే ఉంది.

మామయ్య: అందరి గాదెలూ ఒక్కలా ఉండవు. చిన్న రైతు ఇంట్లో అడుగు కనిపిస్తుంది. పెద్ద కమతం ఉన్నవాడి ఇంట్లో పాతధాన్యం ధర పెరగడం కోసం కూచుని ఉంటుంది. నయాపైసా పెట్టింది ఆ పెద్ద ఇల్లే. మా దగ్గర దానికి జవాబు లేదు. నువ్వు చెప్పే హాలోవీన్ ట్రిక్ ఆర్ ట్రీట్‌లో ఇవ్వకపోతే అల్లరి చేస్తామన్న బెదిరింపు ఉంది కదా, పేరుకైనా. మాకు అదీ లేదు.

మేనకోడలు: ఎందుకు లేదు? వినాయకచవితినాడు చంద్రుణ్ణి చూసేసి, నీలాపనింద పోవాలంటే తిట్లు తినాలని పక్కింటి కప్పు మీద రాళ్లు వేసేవారని అమ్మ చెప్పింది. భోగిమంటకి ఎవరి దడో, ఎవరి విరిగిన బండిచక్రమో రాత్రికి రాత్రి మాయం చేసేవారట. కొమ్మదాసరి సంగతి మీరే చెప్పారు. చెట్టెక్కి కొమ్మమీద కూచుని, ఫలానావారు పాత పంచె ఇస్తే సరే, లేకపోతే ఇప్పుడే పడిపోతానని అరుస్తాడు. ఇచ్చేదాకా దిగడు.

మామయ్య: కొమ్మదాసరి పెద్దవాడు, అది అతని వృత్తి. అతను తనకోసం అడుగుతాడు, గీసి గీసి బేరమాడతాడు. పెట్టనివాడి పేరు చెట్టుమీంచి ఊరంతటికీ వినపడేలా చెబుతాడు. పద్యం పాడే పిల్లవాడు అలా అనగలడా? పద్యంలో పావలా పెడితే ఒప్పుకోబోమని ఉంది గానీ, కానీ పెట్టినా ఒప్పుకునేవాళ్లం. ఇప్పుడు నువ్వు చెప్పు. అక్కడ మీ పిల్లలకి ఏం పడతాయి సంచీలో?

మేనకోడలు: చాక్లెట్లే ఎక్కువ. కంపెనీలు ఆ రోజుకోసం తయారు చేసే బుల్లి బుల్లి చాక్లెట్లు. వాటి మధ్యలో ఒక పళ్లడాక్టరింట్లో టూత్‌బ్రష్. ఒకావిడ చిన్న డబ్బాలో ఎండుద్రాక్ష. ఒకాయన తలుపు తీసి, చాక్లెట్లు అయిపోయాయని వంటింట్లోంచి సూపు పొడి పొట్లం తెచ్చి వేశాడు. మన తెలుగువాళ్లింట్లో జీడిపప్పు అచ్చు కాగితంలో మడిచి పెట్టారు. ఇంటికొచ్చాక సంచీ నేలమీద గుమ్మరించి లెక్క చూసుకుంటారు కదా, చాక్లెట్లు ఏ ఇంటివో వాళ్లకి తెలీదు. బ్రష్ ఇంటినీ సూపు ఇంటినీ మాత్రం ఇప్పటికీ దారిలో వేలుపెట్టి చూపిస్తారు. ఆ సూపాయన పేరు మా వీధిలో నా పిల్లలకి తెలిసినంత బాగా నాకు తెలీదు.

మామయ్య: జీడిపప్పు అచ్చు ఏం చేశారు?

మేనకోడలు: మన పిల్లలు తినేశారు. వేరే పిల్లల ఇళ్లల్లో పారేసి ఉంటారు. కంపెనీ సీలు లేనిది ఏదీ తిననివ్వరు అక్కడ. ఒకప్పుడు అక్కడా ఇంట్లో చేసిన పేలాల ఉండలూ ఆపిల్ పళ్లూ పెట్టేవారు. ఆ తరవాత ఎవరో విషం కలుపుతారు, బ్లేడు ముక్కలు గుచ్చుతారు అని భయం పుట్టింది. జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ తవ్వి చూశాడు. ముక్కూమొహం తెలియనివాడు పెట్టిన మిఠాయి తిని పిల్లవాడు చచ్చిపోయినట్టు ఒక్కటి కూడా రుజువు కాలేదన్నాడు. 1974లో టెక్సాస్‌లో ఒక పిల్లవాడు చచ్చిపోయాడు. విషం కలిపింది కన్నతండ్రే, బీమా డబ్బుకోసం. అయినా భయం పోలేదు, ఇంటి వంటలు పోయాయి. ఇప్పుడు ఏ తలుపు కొట్టినా ఒకటే చాక్లెట్. మీ పొట్లం అక్కడికే తీసుకెళ్తుంది మామయ్యా. అందుకే నాకు బాధ.

మామయ్య: బ్రష్ పడిన పిల్లవాడికి చాక్లెట్లు కూడా పడ్డాయి. అందుకే అతనికి అది కబురైంది. సంచీ నిండా బ్రష్షులే పడితే?

మేనకోడలు: దానికీ ఒక కథ ఉంది. 1966లో టీవీలో వచ్చిన చార్లీ బ్రౌన్ కార్టూన్ సినిమా. అందులో ఆ పిల్లవాడు దెయ్యం వేషం వేసుకుని వెళ్తాడు. ఏ ఇంటికి వెళ్లినా వాడి సంచీలో రాయే పడుతుంది. అది చూసి దేశంలో ఎందరో పిల్లలు వాడికోసం మిఠాయిలు పోస్టులో పంపించారు. చూశారా, మంచి చాక్లెట్లు దొరికిన పిల్లలెవరో ఎవరికీ గుర్తులేదు. రాళ్లు పడినవాణ్ణి అరవై ఏళ్లయినా మర్చిపోలేదు.

మామయ్య: అతని పక్కన వెళ్లిన మిగతా పిల్లలకి ఏం పడింది?

మేనకోడలు: మిఠాయిలే.

మామయ్య: అదే గుమ్మంలోనా?

మేనకోడలు: అదే గుమ్మంలో.

మామయ్య: మరి నువ్వు నా మాటే చెబుతున్నావు. గాదె ఒక్కటే, ఇల్లాలు ఒక్కతే, నెల కూడా అదే. పక్కవాడికి తీపి, వీడికి రాయి. అది పంట బట్టి వచ్చింది కాదు. మా దసరా ఊరేగింపులో అటువంటి పిల్లవాడు ఉన్నాడా అంటే లేడు. ఎందుకంటే వాణ్ణి ఊరేగింపులోకే రానివ్వలేదు. వీధిబళ్లో దళితపేట పిల్లలు లేరు. మేం కాలవ దాటి అటువైపు వెళ్లేవాళ్లం కాదు, వాళ్లు ఇటు వచ్చేవాళ్లు కాదు. గట్టుమీద నిలబడి మా బాణాల్లోంచి వచ్చే బుక్కా చూసేవారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ‘గణపతి’ నవలలో వీధిబడి పంతుల్ని పెట్టి ఊరంతా నవ్వించారు. ఆయనే 1909లో రాజమండ్రిలో దళిత పిల్లలకోసం రామమోహన పాఠశాల పెట్టారు. అలాంటి బడి విడిగా పెట్టాల్సి వచ్చిందంటే మిగతా బడుల తలుపులు ఎవరికి తెరిచున్నాయో తెలియడం లేదూ? కొబ్బరిముక్క చూసి ఏడుపుమొహం పెట్టడానికి కూడా ముందు ఆ గుమ్మంలోకి వెళ్లగలగాలి. మాకు ఆ హక్కుంది. వాళ్లకి లేదు.

మేనకోడలు: అది అప్పటి మాట.

మామయ్య: ఇప్పటి మాట చెబుతాను విను. ఇవాళ మన ఊరి సర్కారు బళ్లో చదివేది ఎవరి పిల్లలు? పేట పిల్లలు, కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు. మిగతా ఇళ్ల పిల్లలు పొద్దున్నే బస్సెక్కి అమలాపురం కాన్వెంట్లకి పోతున్నారు. అంటే ఈసారి విల్లంబులు పట్టుకుని పెద్ద వీధిలో నడిచేది ఒకప్పుడు గట్టుమీద నిలబడ్డవాళ్ల మనవలు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని గొడవ చేసి, అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. బోర్డు మీద పేరు దగ్గరే అంత జరిగింది. ఆ పిల్లలు గుమ్మంలోకి వెళ్తే, ఒక ఇంట్లో రవ్వలడ్డు, ఒక ఇంట్లో ముక్కిపోయిన అటుకులు, ఒక ఇంట్లో చెయ్యి తగలకుండా పైనుంచి రాల్చడం. ఇవన్నీ వింత కానుకల కింద రేపు కబుర్లు చెప్పుకోమంటావా? పొట్లం ఎందుకంటున్నానో ఇప్పుడైనా తెలిసిందా? నలభైమంది పిల్లలుంటే నలభైమందికీ ఒకటే. అందులో రాయి ఉండదు.

మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. ఆమె తరవాత అన్నదే ఈ సంవాదంలో నాకు గట్టిగా తగిలిన మాట.

మేనకోడలు: తెలిసింది. తెలిశాక పొట్లం ఇంకా వద్దనిపిస్తోంది. కమిటీ డబ్బు పెట్టి, కమిటీ కట్టించి, కమిటీ తెచ్చిచ్చిన పొట్లాన్ని ఆ ఇంటావిడ మళ్లీ పిల్లవాడి చేతికి ఇస్తుంది. అందులో ఆవిడది ఏముంది? తన వంటింట్లోంచి ఏదీ కదలలేదు. తన గిన్నెలో చెయ్యి పెట్టి తీసి ఆ పిల్లవాడి దోసిట్లో పెట్టలేదు. మీరు వాళ్లకి తప్పించుకునే దారి చూపిస్తున్నారు. అటుకులైనా సరే, ఇంట్లోవి, తమ చేత్తో పెట్టనివ్వండి. పైనుంచి రాలిస్తే ఊరంతా చూస్తుంది. చూడాలి కూడా.

మామయ్య: ఊరు చూడ్డానికి తొమ్మిదేళ్లవాడి దోసిలి పెడతావా? ఊరికి పరీక్ష పెట్టాలంటే పెద్దవాళ్లం మనం వెళ్దాం. పంచాయతీలో అడుగుదాం. గుళ్లో అడుగుదాం. వాడు పండక్కి వేషం కట్టుకుని బాణం పట్టుకుని వస్తున్నాడు. మా నాన్న జీతం నా గొంతులో పెట్టారు, నువ్వు ఊరి న్యాయం వాడి చేతుల్లో పెడతానంటున్నావు. రెండూ ఒకటే. పిల్లవాడి పండగని ఇంకొకరి పనికి వాడుకోవడం.

మేనకోడలు: మీ పొట్లం ఇచ్చినా వాడికి అర్థం కాదనుకుంటున్నారా? అన్ని ఇళ్లల్లోనూ ఒకే కాగితం, ఒకే దారం. ఇది ఇళ్లవాళ్లు పెట్టింది కాదని మూడో గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. ముందుగానే ఎవరో సర్దిపెట్టారంటే ఎందుకు సర్దాల్సి వచ్చిందని అడుగుతాడు. మీరు జవాబు చెప్పగలరా?

మామయ్య: చెప్పలేను. అడిగితే మాత్రం, నిన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక అంటాను.

మేనకోడలు: నాకు పోనీ ఇంకో దారి తోస్తోంది. పప్పుబెల్లాలు కమిటీవి ఉండనివ్వండి, ప్రతి గుమ్మంలోనూ అంతే, కొలతతో. ఆ పైన ఎవరింట్లో ఏముంటే అది వాళ్ల చేత్తో. తీర్థం పోస్తే తీర్థం, కొబ్బరిముక్క పెడితే కొబ్బరిముక్క. అడుగున పప్పుబెల్లాలు ఉంటాయి గనక ఏ పిల్లవాడూ ఉత్తచేతులతో రాడు. ఇంకొకటి, ఊరేగింపు పేటలోంచి మొదలవ్వాలి. మొదటి పద్యం అక్కడి గుమ్మాల్లో పాడాలి, మొదటి బాణం అక్కడ వదలాలి. వాళ్లూ పెట్టేవాళ్లే కావాలి, పుచ్చుకునేవాళ్లు మాత్రమే కాకూడదు.

మామయ్య: పేటలోంచి మొదలుపెట్టడం నాకు నచ్చింది. ఆ మాట నాకు తట్టలేదు. పైన పెట్టేదాని గురించి మాత్రం ఒప్పుకోను. డబ్బున్న ఇల్లు పెద్ద చాక్లెట్ పెడుతుంది, పక్కిల్లు చిన్నబోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. సరే, అది పిల్లలు నవ్వుకునే తేడా అనుకుందాం, ఎవరి గాదె వాళ్లది. రాల్చే ఇల్లు ఉంటేనో?

మేనకోడలు: ఉంటే ఏం చేద్దామంటారు?

మామయ్య: పండక్కి వారం ముందు నేను ఇల్లిల్లూ తిరుగుతాను. పిల్లలు వస్తారు, అరుగు మీద కూచోపెట్టి మంచినీళ్లిచ్చి, దోసిట్లో చేత్తో పెట్టాలి, మీకు సమ్మతమేనా అని అడుగుతాను. సరేనన్న ఇంటికే పద్యం. నసిగిన ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లను.

మేనకోడలు: ఆ ఇళ్లు ఏవో మీ జేబులో కాగితంలోనే ఉండిపోతే ఎలాగండీ? వాళ్లు పండగ పోయిందనైనా అనుకోరు. హాయిగా తలుపేసుకుంటారు. ఆ జాబితా నేను పూర్వవిద్యార్థుల సమావేశంలో చదువుతాను.

మామయ్య: చదువు. నేను అడ్డు చెప్పను, పక్కన నిలబడతాను కూడా. పిల్లలు లేనప్పుడు చదువు.